వేటకెళ్లాలా, తోట చూసుకోవాలా, కంపెనీలో చేరాలా? (శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వాళ్లు చెప్పండి)

ఉద్దానం_కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు మండలం, సముద్రం ఒడ్డు ఊరు. ఐటీఐ ఫిట్టర్ పూర్తయింది. ముగ్గురు మూడు దారులు చూపిస్తున్నారు. మా మావయ్య గుజరాత్ వేరావల్‌లో తండేలు (బోటు నడిపే పెద్ద), ఆగస్టులో బోటు ఎక్కితే అడ్వాన్సు ఇప్పిస్తానంటాడు. రణస్థలం పక్కన పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీకి కాంట్రాక్టరు ద్వారా మనుషుల్ని తీసుకుంటున్నారని స్నేహితుడు చెప్పాడు. అమ్మేమో అమ్మమ్మ ఇచ్చిన 70 సెంట్ల జీడితోట ఉంది కదా, దాంతో పాటు నాన్న తెప్ప కూడా ఉంది కదా, ఎక్కడికీ వెళ్లొద్దు అంటుంది. నాన్న ఏమీ అనడు, అదొక టెన్షన్. మీలో ఎవరైనా ఈ మూడింట్లో ఏదైనా చేసినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి. "నీ మనసుకు నచ్చింది చెయ్" అని మాత్రం చెప్పకండి, ఆ మాట ఇప్పటికి పదిమంది చెప్పారు.

సోరచేప
తమ్ముడూ, నేను పదకొండు సీజన్లు వేరావల్‌లో చేశాను. మొదటి ఏడాది కలాసీగా (బోటు మీద కూలీగా) నెలకి తొమ్మిది వేలు, చివరికి పదిహేడు వేలు వచ్చాయి. తిండి బోటు మీదే. ఒకసారి లోపలికెళ్తే ఇరవై రోజుల దాకా ఒడ్డు కనపడదు. అడ్వాన్సు గురించి మీ మావయ్య చెప్పింది నిజమే, కాని అది జీతంలోనే కట్ అవుతుంది, పైగా మధ్యలో ఒంట్లో బాగోక వచ్చేస్తే మిగిలింది నీ నెత్తిమీద ఉంటుంది. మన వాళ్లు అక్కడికి ఎందుకు వెళ్తారో తెలుసుగా, చేపలు లేక కాదు. శ్రీకాకుళం తీరం 193 కిలోమీటర్లు, పెద్ద బోటు కట్టుకునే చోటు ఒక్కటి లేదు. ఇసకలోంచి తెప్ప తోసుకుంటూ కెరటం దాటాలి, సాయంత్రం మళ్లీ లాక్కోవాలి. బుడగట్లపాలెం హార్బరు, మంచినీళ్లపేట జెట్టీ అని వింటూ వింటూ నా జుట్టు నెరిసింది.

ఇంకోటి కూడా చెప్పాలి, భయపెట్టడానికి కాదు. 2018 నవంబరులో మన జిల్లాల వాళ్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకెళ్లారు, 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర బయటికొచ్చారు. పదమూడు నెలల పైమాటే. ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో నాకు తెలుసు. అదే 2020లో లాక్‌డౌన్ పడితే వేలమందిమి వేరావల్ రేవులో బోట్ల మీదే ఇరుక్కుపోయాం, ఏప్రిల్ చివర్లో బస్సులు పెడితే ఇళ్లకి చేరాం. ఇంటికి వచ్చాక మా చిన్నది నన్ను చూసి ఏడ్చింది, ఎవరో అనుకుని.

బి_షిఫ్ట్
నేను విశాఖ పక్కన పరవాడలో ఫార్మా కంపెనీలో ఆరేళ్లుగా చేస్తున్నా. కంపెనీ పేరెందుకులే. చేతికి పదిహేను వేలు, పీఎఫ్ ఈఎస్ఐ పోను. "కంపెనీలో చేరాడు" అని ఊళ్లో గొప్పగా చెప్తారు, నా కార్డు మీద కంపెనీ పేరుండదు, కాంట్రాక్టరు పేరుంటుంది. రెండేళ్లకోసారి కాంట్రాక్టరు మారతాడు, నేను మారను, సర్వీసు మాత్రం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఫిట్టర్ అంటున్నావు కాబట్టి మెయింటెనెన్సులో వేస్తారు, అది ప్రొడక్షన్ కంటే మేలు, సాల్వెంట్ వాసన కొంచెం తక్కువ. కాని 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో జరిగిన ప్రమాదంలో 17 మంది పోయారు, అందులో ప్రొడక్షన్ వాళ్లే కాదు అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ జరిగింది కాబట్టి సరిపోయింది గాని లేకపోతే ఇంకా ఘోరం.

చేరితే మొదటిరోజే అడగాల్సినవి: పీఎఫ్ నంబరు ఎప్పుడిస్తారు, ఓవర్‌టైముకి రేటు ఎంత, ఈఎస్ఐ కార్డులో ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కాయా. రోజుకి తొమ్మిది గంటల పరిమితిని 2025లో మన రాష్ట్రం పది గంటలు చేసింది, కాబట్టి "ఇది మామూలే" అని చెప్పే సూపర్‌వైజర్లు ఎక్కువయ్యారు.

ఉద్దానం_కుర్రోడు
సోరచేప అన్నా, మళ్లీ ఎందుకు వెళ్లావు మరి పదకొండు సార్లు?

సోరచేప
ఇంటి గోడలు, చెల్లి పెళ్లి, మోకాలి ఆపరేషన్. ఇంకేముంటుంది.

లెక్కలమాస్టారు
కొంచెం పెద్ద బొమ్మ కూడా చూద్దాం. మా చిన్నప్పుడు పాఠాల్లో చెప్పింది ఏమిటంటే దేశం ఎదుగుతుంటే జనం పొలం వదిలి ఫ్యాక్టరీకి వెళ్తారు అని. కేంద్రం ఏటా చేసే కార్మిక సర్వే తీసి చూడండి. 2018-19లో పనిచేసేవాళ్లలో 42.5 శాతం వ్యవసాయంలో ఉన్నారు. కరోనా ఏడాది 2020-21లో అది 46.5కి పోయింది. సరే, జనం ఊళ్లకి వచ్చేశారు కదా అనుకున్నాం. కాని 2023-24లో కూడా 46.1 దగ్గరే ఉంది, వచ్చినవాళ్లందరూ తిరిగి వెళ్లలేదన్నమాట. తయారీ రంగం 11.4 శాతం. పదేళ్లుగా ఆ పదకొండు పన్నెండు దగ్గరే తచ్చాడుతోంది. గ్రామాల్లో పనిచేసే ఆడవాళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా వ్యవసాయంలోనే. కాబట్టి కుర్రోడి ప్రశ్న అతనొక్కడిదే కాదు.

సోరచేప
మాస్టారూ, మరి మా వేట ఏ లెక్కలో ఉంది?

లెక్కలమాస్టారు
వ్యవసాయంలోనే. వ్యవసాయం, అడవులు, చేపలవేట అన్నీ కలిపి ఒకటే గుంపు.

జీడిపిక్క
ఆగండాగండి. అయితే మా ఇంటి లెక్క చెప్తాను వినండి. మాది పలాస. మా ఆయన సముద్రానికి వెళ్తాడు, అది వ్యవసాయం. నేను జీడి యూనిట్‌లో పప్పు పొట్టు తీస్తాను, అదేటి?

లెక్కలమాస్టారు
తయారీ రంగం. పిక్కలు కొట్టి పప్పు తీయడం ఆహార ఉత్పత్తుల తయారీ కిందకి వస్తుంది. ఎండుచేపలు ఆరబెట్టడం కూడా అంతే.

జీడిపిక్క
మా అత్త డెబ్భై ఏళ్ల మనిషి, ఇసకలో కవ్వళ్లు ఆరబోసుకుని కాకుల్ని తోలుకుంటూ కూర్చుంటుంది. ఆవిడ తయారీ రంగమా! ఈ మాట ఆవిడకి చెప్పాలి, నవ్వలేక చస్తుంది 😂

నవ్వులాట పక్కన పెడితే. 80 కిలోల బస్తా పిక్కలు బాయిలింగ్ చేసి, కటింగ్ చేసి, డ్రయ్యర్లో పెట్టి, పొట్టు తీసి, గ్రేడ్ చేస్తే దగ్గర దగ్గర 20 కిలోల పప్పు వస్తుంది. మాకు కిలో లెక్కన కూలి. గుండు పప్పు విరక్కుండా తీయాలి, బద్ద అయితే ఓనరు ముఖం మాడుతుంది. జీడి నూనెకి వేళ్ల చర్మం లేచిపోతుంది, వేలిముద్ర పడక రేషన్ దగ్గర ఎన్నిసార్లు వెనక్కొచ్చానో. ఇప్పుడు పలాసలో కొట్టేవి సగం మన పిక్కలు కావు, ఆఫ్రికా నుంచి ఓడల్లో వస్తాయి. మన రైతు బస్తాకి 16 వేలు అడుగుతుంటే ఓనర్లు విదేశీ పిక్క చూపించి బేరం ఆడతారు. ఒక్కోసారి పిక్క గిట్టుబాటు కాక యూనిట్లు మూసేస్తారు, అప్పుడు మేం ఏ రంగంలో ఉన్నట్టో మాస్టారే చెప్పాలి.

కుర్రోడా, 70 సెంట్ల తోట నమ్ముకుని బతకలేవు. కాని వదిలేయకు.

ఉభాలు
నాది నరసన్నపేట దగ్గర, వంశధార కాలవ కింద మూడెకరాలు, ఇంకో రెండు కౌలు. రైతుల వైపు నుంచి ఒక మాట. "వ్యవసాయంలో జనం పెరిగారు" అని మాస్టారు చెప్తున్నారు, నాకు ఉభాలకి (వరి నాట్లకి) మనుషులు దొరకట్లేదు! జులైలో ఒకేసారి అందరికీ నారు ముదిరిపోతుంది, ఊళ్లో ఉన్న ఆడవాళ్లు గుత్తకి కట్టుకుని ఎకరాల లెక్కన చేస్తున్నారు, మగవాళ్లు హైదరాబాదులోనో మద్రాసులోనో సెంట్రింగ్ పనిలో ఉన్నారు. కోత అయితే మిషనే. నాలుగు గంటల్లో పొలం ఖాళీ. మా చిన్నప్పుడు కోతలు, కుప్పలు, నూర్పులు అంటే రెండు నెలల కూలి, ఆ రెండు నెలలూ ఊరంతటికీ తిండి. ఇప్పుడు ఆ కూలి డబ్బు మిషను ఓనరుకి పోతోంది.

మరి జనం పెరిగిందెక్కడ అంటే నాకు తెలిసింది చెప్తాను. మా తమ్ముడి కొడుకు డిగ్రీ చేసి ఇంట్లో ఉన్నాడు. ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నావంటే "వ్యవసాయం" అంటాడు. గట్టు మీద నిలబడి ఫోను చూస్తాడు. వాడూ లెక్కలోకి వచ్చాడుగా!

లెక్కలమాస్టారు
ఉభాలు గారూ, మీరు నవ్వుతూ చెప్పారు గాని అది నిజంగా పెద్ద విషయం. సొంత పొలంలో జీతం లేకుండా సాయం చేసినా సర్వేలో పని కిందే లెక్క. ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశావు అన్నది ముఖ్య వృత్తి, కనీసం ముప్ఫై రోజులు చేసింది అనుబంధ వృత్తి. అందువల్ల సీజను పనులన్నీ అనుబంధంలోకి జారిపోతాయి.

గోగునార
కంపెనీలు వస్తే అంతా బాగుపడుతుందనే వాళ్లకి మా కథ. నాది నెల్లిమర్ల వైపు. ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాల నిండా గోగే. కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరబెడితే ఊరంతా కంపు, ఆ కంపులోనే నార తీసేవాళ్లం. ఆ నారకి నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం, ఎక్కడికక్కడ జూట్ మిల్లులు. రైతుకి రొక్కం, మిల్లులో జీతం, రెండూ ఒకే మొక్క మీద. మా నాన్న మిల్లులో బదిలీ కార్మికుడు, అంటే పర్మినెంటు వాడు రాకపోతే పని, వస్తే ఇంటికి. పొద్దున్నే టిఫిను కట్టించుకుని గేటు దగ్గరికి వెళ్లేవాడు, సగం రోజులు అదే టిఫిను మళ్లీ ఇంటికొచ్చి మాతో కలిసి తినేవాడు. తరవాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి, నార ధర పడింది, రైతులు మొక్కజొన్నకీ యూకలిప్టస్‌కీ మారిపోయారు, మిల్లులు బెంగాల్ నుంచి నార తెప్పించుకోవాల్సి వచ్చింది. లాకౌట్ అనే మాట మా ఊళ్లో ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నాన్నకి రావాల్సిన గ్రాట్యుటీ చాలా ఏళ్లు నడిచి కొంత వచ్చింది, మిగతాది ఆయనతోనే పోయింది.

అందుకే ఎవరైనా "వ్యవసాయం పోయి పరిశ్రమ వస్తుంది" అంటే నాకు నవ్వొస్తుంది. మా దగ్గర రెండూ కలిసి వచ్చాయి, కలిసే పోయాయి.

దారం_పోగు
అక్కలెవరూ మాట్లాడట్లేదు కంపెనీ గురించి, నేను చెప్తా. అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడపిల్లలం. మాది యలమంచిలి అవతల పల్లె, తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తే ఆరింటికి బస్సు. లైనులో నా పని ఒక్కటే, సైడ్ సీమ్. గంటకి ఇన్ని పీసులు అని టార్గెట్ బోర్డు నెత్తిమీద ఉంటుంది. జీతం పన్నెండు వేల లోపే. తక్కువే, ఒప్పుకుంటా. కాని ఆ డబ్బు నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మా అమ్మ ముప్ఫై ఏళ్లు ఉభాలకి వెళ్లింది, ఆ కూలి ఏనాడూ ఆవిడ చేతికి రాలేదు, మేస్త్రీ నాన్నకిచ్చేవాడు. ఈ తేడా ఏ సర్వేలో వస్తుంది?

పెళ్లయ్యాక సగం మంది మానేస్తారు. నేను మానలేదు. మా అత్తగారికి కోపం, అది వేరే టాపిక్.

చెరువుగట్టు
భీమవరం నుంచి. మీ వైపు మనుషులే మా రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటారు, భార్యాభర్త ఇద్దరూ గట్టు మీద షెడ్డులో, మేత వేయడం, ఏరేటర్లు చూడటం, రాత్రి కరెంటు పోతే జనరేటరు వేయడం. ప్లాంట్లలో తలలు తీయడానికి వచ్చే ఆడవాళ్లలో కూడా శ్రీకాకుళం, ఒరిస్సా వాళ్లు చాలామంది. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక వరి చేలు చెరువులైపోయాయి. వరి ఎకరానికి ఏడాదిలో కావలసిన కూలీలు వేరు, చెరువుకి కావలసింది వేరు. ఇద్దరు మనుషులు పది పదిహేనెకరాలు చూస్తారు. అంటే ఊళ్లో కూలి తగ్గింది, ప్లాంటులో పెరిగింది. కాని ప్లాంటు అమెరికా మీద నడుస్తుంది. 2025 ఆగస్టు 27న వాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచారు, పాత సుంకాలు అదనం. అప్పుడు కౌంట్‌ను (కిలోకి ఎన్ని రొయ్యలో దాన్ని) బట్టి ఇక్కడ ధర తగ్గించేశారు. రైతు పిల్ల వేయడం ఆపితే మూడు నెలలకి ప్లాంటులో షిఫ్టులు తగ్గుతాయి. మంచులో చేతులు పెట్టుకుని పనిచేసే అమ్మాయికి ట్రంప్ ఎవరో తెలీకపోవచ్చు, షిఫ్టు తగ్గడం మాత్రం తెలుస్తుంది.

బి_షిఫ్ట్
ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. 2019లో ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేశారు. మా దగ్గర లోడింగ్, క్లీనింగ్ అంతా బీహార్, ఒరిస్సా కుర్రాళ్లే. మన వాళ్లని తీసుకోరు.

ఉభాలు
తీసుకోరా, మనం వెళ్లమా? మా ఊరి నుంచి ఇద్దరు చేరి నెల తిరక్కుండా వచ్చేశారు.

బి_షిఫ్ట్
వచ్చేస్తారు మరి. బీహార్ కుర్రాడు గేటు పక్కనే రూములో పదిమందితో ఉంటాడు, చావొచ్చినా పెళ్లొచ్చినా సెలవు అడగడు, పన్నెండు గంటలు చేస్తాడు. లోకల్ వాడికి ఊళ్లో గంగమ్మ పండగ ఉంటుంది, యాక్సిడెంటు జరిగితే ఊరు ఊరంతా గేటు దగ్గర కూర్చుంటుంది. కాంట్రాక్టరుకి ఎవరు కావాలో నువ్వే చెప్పు. మన వాళ్లు మద్రాసు వెళ్తే వాళ్లూ అక్కడ బీహార్ కుర్రాళ్లే. 2014 జూన్‌లో మౌలివాక్కంలో బిల్డింగు కూలి 61 మంది చనిపోతే అందులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎంతమందో గుర్తుందిగా.

పేరులేనివాడు
బీహారీలను తరిమేస్తే గాని మన వాళ్లకి పని రాదు. అందరూ పిరికివాళ్లు.

వేదిక_నిర్వాహకుడు
పైనాయనకి హెచ్చరిక. విషయం మీద ఉండండి.

సోరచేప
గుజరాత్ వాళ్లు కూడా మమ్మల్ని తరిమేస్తే మా ఊళ్లో పొయ్యి వెలగదు బాబూ. ఆలోచించి రాయి.

గోగునార
ఫ్యాక్టరీ కట్టే ముందు ఊరి వాళ్లని అడగడం కూడా ఉద్యోగాల విషయమే. సోంపేటలో 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగాయి. థర్మల్ ప్లాంటు వస్తే ఉద్యోగాలొస్తాయన్నారు. బీల (చిత్తడి) భూముల్లో చేపలు పట్టుకునేవాళ్లు, గడ్డి కోసుకునేవాళ్లు, వరి వేసుకునేవాళ్లు మాకు ఇప్పటికే పనుంది కదా అన్నారు. ఆ పని ఏ కాగితం మీదా లేదు, అందుకే బీలని బంజరు అని రాశారు. నక్కపల్లి దగ్గర రాజయ్యపేట మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దని కూర్చున్నదీ ఇలాంటి భయంతోనే.

బి_షిఫ్ట్
కాని నాలాంటివాడు ఎక్కడికి పోవాలి? మా నాన్నకి భూమీ లేదు బీలా లేదు. కంపెనీ లేకపోతే నేనూ సెంట్రింగే. ఇది కూడా రాయండి.

గోగునార
రాశావుగా. ఒప్పుకుంటా.

ఉద్దానం_కుర్రోడు
అందరివీ రెండుసార్లు చదివాను, రాత్రి కూర్చుని నెలలవారీగా కాగితం మీద వేశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన వైపు వేట నిషేధం. సరిగ్గా అప్పుడే జీడిపిక్క ఏరే కాలం కూడా, మార్చి నుంచి మే. నాన్న ఇన్నేళ్లూ ఆ రెండు నెలలూ తోటలో ఉండేవాడు, జులైలో పెదనాన్న పొలంలో ఉభాలకి నారు మోసేవాడు, తరవాత మళ్లీ తెప్ప. నేను అది బతకలేక చేస్తున్నాడనుకున్నాను, చూస్తే ఏడాదిలో ఖాళీ నెల లేదు. వేరావల్ వెళ్తే అక్కడ వేట ఆగేది జూన్ ఒకటిన. అంటే పిక్క అయిపోయాక వస్తాను. నిషేధం నెలలకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా రాదు, 2025లో 20 వేలు చేశారు కదా, తనిఖీకి వచ్చినప్పుడు నేను ఊళ్లో ఉండను. పదిహేడు వేలు చూస్తే బాగుంటుంది గాని ఇవన్నీ తీసేస్తే ఏమీ మిగలట్లేదు.

సోరచేప
ఇది నేను పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వేసుకోలేదు తమ్ముడూ. అడ్వాన్సు చేతిలో పడితే కాగితం గుర్తురాదు.

లెక్కలమాస్టారు
ఇంకో సంగతి. ఆరు నెలలకు మించి బయట ఉంటే మీ ఇంటి లెక్కలో మీ పేరుండదు, అక్కడ బోటు మీద పడుకుంటారు కాబట్టి ఆ ఊరి లెక్కలోకి రావడమూ కష్టం. మీ మావయ్యలాంటి వేలమంది ఏ జిల్లా అంకెల్లో ఉన్నారో నాకూ అంతుచిక్కడం లేదు.

జీడిపిక్క
కుర్రోడా, తోటలో చెట్లెన్ని ఉన్నాయి ఇప్పుడు? తిత్లీ తుపానులో పోలేదా?

ఉద్దానం_కుర్రోడు
పోయాయి అక్కా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ముప్ఫై రెండు జీడి చెట్లలో తొమ్మిది మిగిలాయి, కొబ్బరి మొత్తం పోయింది. నాన్న మళ్లీ మొక్కలు వేశాడు. జీడి కాపుకొచ్చింది, కొబ్బరి ఈ ఏడే గెల వేసింది. తాతకి కిడ్నీ జబ్బొచ్చి డయాలసిస్ మొదలైనప్పుడు తోట అమ్మేద్దామన్నారు, అమ్మ ఒప్పుకోలేదు.

ఉభాలు
అయితే ఏం చేస్తున్నావు చివరికి?

ఉద్దానం_కుర్రోడు
సోమవారం పైడిభీమవరం వెళ్తున్నాను. బి_షిఫ్ట్ అన్న చెప్పిన మూడు ప్రశ్నలూ ఫోనులో రాసుకున్నాను. మార్చిలో పిక్కలకి ఆదివారాలు వస్తాను. మావయ్యకి ఇంకా చెప్పలేదు, ఆయన అడ్వాన్సు మాట్లాడేశాడట, అదే భయం. నిన్న నాన్న మొదటిసారి నోరు తెరిచాడు, "వల కుట్టడం మర్చిపోకు" అన్నాడు అంతే.

బి_షిఫ్ట్
బూట్లు సొంతవి కొనుక్కుని వెళ్లు. వాళ్లిచ్చేవి సైజు ఉండవు.